తుండుగుడ్డ మడి

మా బావమరిది ఇంట్లో ఆదివారం పొద్దున వాషింగ్ మెషీన్ జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఆ పూట తువ్వాళ్ళది. ఒళ్ళు తుడుచుకునేవి అనుకునేరు, కాదు. కారు తుడిచేవి. మైక్రోఫైబర్‌వి, పదకొండు. మొన్నొక వారం వాళ్ళావిడ పిల్లాడి స్కూలు సాక్సులు రెండు పొరపాటున వాటితో కలిపి పడేసింది. సాక్సులు కాటన్‌వట. మైల తగిలిందని పదకొండింటికీ మళ్ళీ తలంటు. నాలుగు బిందెలకు తక్కువ కాని నీళ్ళు, అదీ ట్యాంకర్ కొనుక్కున్న వారం.

మా నాయనమ్మ మడిచీరను ఎత్తయిన దండెం మీద కర్రతో ఆరేసి, కర్రతోనే దించేది. పిల్లలం తెలియక తగిలామో, ఆ చీర మళ్ళీ బావి దగ్గరికే. అప్పుడు ఆవిణ్ణి చూసి తెగ నవ్వుకున్నాం. బీటెక్ చదివిన బావమరిది చేత కూడా అదే కర్ర పట్టించగల గుడ్డ ఒకటి వస్తుందని ఆవిడకు ముందే తెలిస్తే, ఎంత ధైర్యంగా పోయేదో పాపం.

గుడ్డ మాత్రం ముచ్చటైనదే, ఒప్పుకోవాలి. పాలిస్టర్, నైలాన్ కలిపి, ఎక్కువగా 80కి 20 పాళ్ళలో తీసిన పోగును చీల్చి చీల్చి ఒక డెనియర్‌కు లోపు చేస్తారు. డెనియర్ అంటే 9,000 మీటర్ల పోగు ఒక్క గ్రాము తూగడం. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి దాదాపు చార్మినార్ దాకా దారం పరిస్తే గ్రాము బరువన్నమాట. ఇది అంతకన్నా సన్నం. పొడిచేత్తో ఒకసారి నిమిరి చూడండి. గోరు పక్కన లేచిన చర్మాన్ని పట్టుకుని వదలదు, ఒళ్ళు జలదరిస్తుంది. ఆ చీలికల్లోనే నీళ్ళూ దుమ్మూ దాక్కుంటాయి. కాటన్‌తో కలిపి ఉతికితే దాని నూగు కూడా అక్కడే దూరి, తర్వాత కారు అద్దం మీద తేలుతుంది. ఆఖరి నీళ్ళలో సాఫ్ట్‌నర్ పోస్తే పోగుల మీద పూతలా పట్టి, నీళ్ళు పీల్చాల్సిన గుడ్డ వాటిని అటూ ఇటూ నెట్టుకుంటూ తిరుగుతుంది. మరీ వేడి తగిలితే మెత్తదనం పోతుంది. అంతే సంగతి. విడిగా ఉతుకు, సాఫ్ట్‌నర్ మాను, మరిగే నీళ్ళు వద్దు, నీడన ఆరెయ్యి. అరచేతిలో రాసుకుంటే ఇంకా చోటు మిగులుతుంది.

కానీ ఇంతే చెబితే ఈ గుడ్డల కోసమే అమ్మే నాలుగొందల సబ్బు సీసా ఎలా అమ్ముడుపోతుంది? ఆ సీసా మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు. మామూలు లిక్విడ్ సబ్బులోంచి రంగూ సువాసనా తీసేసి, తీసినందుకు కూలి కూడా మన దగ్గరే పుచ్చుకున్నట్టుంది. "ఇది పీహెచ్ బ్యాలెన్స్‌డ్ బావా," అన్నాడు. పీహెచ్ సంగతి నాకెందుకులే అని మూత పెట్టేశాను.

మావాడు పాటించే విధినిషేధాల్లో మూడో వంతు డ్రయ్యర్ గురించే. తక్కువ వేడిలో పెట్టాలి, డ్రయ్యర్ షీటు పొరపాటున కూడా వేయకూడదు. ఈ నియమాన్ని మావాడు ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు. వాళ్ళింట్లో డ్రయ్యర్ లేదు. ఇవన్నీ అమెరికాలో గరాజూ, దాని పక్కన డ్రయ్యరూ ఉన్నవాళ్ళు రాసుకున్న శాసనాలు. "ఎండలో వేస్తే పోగు కరిగిపోతుంది బావా," అని కూడా అన్నాడు. పాలిస్టర్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. రోహిణి కార్తెలో రెంటచింతల కూడా యాభై దగ్గరే ఆగిపోతుంది.

ఉతుకులో పోసే వెనిగర్ మాత్రం వేరే కథ. మా వైపు బోరునీళ్ళకు గుడ్డ ఆరేసరికి అప్పడమవుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టే తెల్ల గారే పోగుల్లోనూ కడుతుంది. పులుపు దాన్ని కరిగిస్తుంది, నిజమే. అయితే మా అమ్మ రాగిచెంబుకు చింతపండు రుద్దితే పల్లెటూరితనం, ఇతను మగ్గుతో వెనిగర్ కొలిస్తే డిటైలింగ్.

ఇంత జాగ్రత్తా దేనికయ్యా అంటే, రంగు పైన ఉండే క్లియర్‌కోట్ కోసం. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా తక్కువ. గుడ్డలో ఒక్క ఇసుకరేణువున్నా గీత పడుతుంది. సరే, మరి ఇంత మడిగా ఉతికినవి ఎక్కడ ఆరేస్తాడు? డాబా మీద, నీడ పట్టున. పక్కనే ముప్పై అంతస్తులు లేస్తున్నాయి. పొద్దుగూకులూ గ్రానైట్ కోస్తుంటారు. గంటసేపు కూర్చుంటే నా కళ్ళజోడు మీద వేలితో పేరు రాయొచ్చు. (అన్నట్టు ఆ కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ కూడా మైక్రోఫైబరే. ఏడాదిగా స్నానాల గదిలో ఒంటిసబ్బుతో ఉతుకుతున్నా. దానికెవరూ మడి చెప్పలేదు.)

అసలు తమాషా రంగుల్లో ఉంది. పసుపుది ఒంటికి, నీలంది అద్దాలకు, ఎర్రది చక్రాలకు. బ్రేకుల దగ్గర రాలే ఇనప పొడి పైకి రాకూడదు కాబట్టి చక్రాల గుడ్డ వేరుగా ఉండటం సబబే. కానీ ఎర్రది పసుపువాటి తీగ మీద ఆరకూడదట, ఉతికాక కూడా! పసుపుది చేయి జారి నేల మీద పడితే ఆ క్షణం నుంచే అది చక్రాలది. ఎన్నిసార్లు ఉతికినా మళ్ళీ పైకి రాదు. వర్ణమంటే రంగేనని చిన్నప్పుడు తెలుగు మేష్టారు చెబితే ఇంత లోతుగా అర్థం కాలేదు.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లవారి అయిదున్నరకు కిందికి దిగితే సెల్లార్‌లో కార్లు తుడిచే కుర్రాడు ఉన్నాడు. ఒక బకెట్టు, ఒక గుడ్డ, పద్నాలుగు కార్లు. మా బావమరిదిది తొమ్మిదోది. బకెట్లో నీళ్ళు అప్పటికే టీ రంగుకొచ్చాయి. గుడ్డ ముంచి, పిండి, బానెట్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క లాగు లాగాడు. తర్వాత దాన్ని పక్క కారు వైపర్ మీద ఆరేసి, "సార్, ఆ సార్ దగ్గర పాత గుడ్డలుంటాయి కదా, ఒకటి ఇప్పించండి. ఇది చిరిగిపోయింది," అన్నాడు.

పైకొచ్చి అడిగాను. బావమరిది అప్పుడే ఎండిన పసుపువాటిని మడతపెట్టి జిప్పు కవర్లో పెడుతున్నాడు.

"అమ్మో, వద్దు బావా. వాడు ఎలా ఉతుకుతాడో ఏమో!"