గుర్రం అదే, పెళ్ళికొడుకే మారాడు

మార్కాపురం బస్టాండు దగ్గర టీ బంకు పక్కన కరెంటు స్తంభానికి మొన్న ఒక ఫ్లెక్సీ కట్టారు. పైన పెద్దాయన చేతులు జోడించి నవ్వుతున్నాడు. పక్కన ఆయన కొడుకు, చలవద్దాలు పెట్టుకుని, ఫోను చెవికి ఆనించి, ఎవరికో పని చేసిపెడుతున్నట్టు ఫోజు. కింద బుల్లి పట్టుపంచెలో ఏడాది నిండిన మనవడు. పుట్టినరోజు శుభాకాంక్షల కింద ఆ పసివాడికి బిరుదు: 'కాబోయే ఆశాజ్యోతి'. బుడ్డోడికి ఇంకా అడుగులు పడలేదు గానీ నియోజకవర్గం మాత్రం ఒళ్ళో పడిపోయింది.

"ఏందల్లుడూ, అట్టా నోరు తెరుచుకోని చూస్తా ఉండావు?" అన్నాడు మామ.

మాకు చుట్టరికం ఏమీ లేదు. మా వీధిలో అరవై దాటిన ప్రతి మగమనిషీ నాకు మామే. ఈ మామ ముప్ఫై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో రాతిపలకలకి చెక్క ఫ్రేములు బిగించాడు. పిల్లలు పలకలు వదిలేసి సెల్‌ఫోన్లు పట్టుకున్నాక మామకి పగలంతా టీ బంకు దగ్గరే డ్యూటీ.

"ఏ పార్టీది మామా ఇది?"

"పార్టీ ఏదైతే ఏందబ్బా? రంగు మార్చి అచ్చేస్తే ఎవురికైనా సరిపోద్ది."

వారసత్వం అనగానే మనం రాజుల్ని తిట్టడం మొదలుపెడతాం. అది అన్యాయం. రాజుల కాలంలో వారసుడు కావడమంటే చచ్చేంత కష్టం. మాటవరసకి కాదు, నిజంగానే చచ్చేంత.

ఇస్తాంబుల్‌లో ఉస్మానీ తుర్కుల సంగతే చూడండి. ఆరు వందల ఏళ్ళు, 36 మంది సుల్తానులు. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ని గెలిచిన రెండో మెహ్మద్ పేరు మీద ఒక శాసనం ఉంది. గద్దె ఎక్కినవాడు లోకం బాగుండాలని అన్నదమ్ముల్ని చంపించినా తప్పు లేదని దాని సారాంశం. 1595లో గద్దెనెక్కిన మూడో మెహ్మద్ లోకం బాగు కోసం 19 మంది తమ్ముళ్ళని ఒక్కసారే పైకి పంపాడు. రాజరక్తం నేల మీద చిందితే దోషం కాబట్టి మెడకి తాడు బిగించారు. పద్ధతి గల మనుషులు.

"పందొమ్మిది మందినా!" మామ గ్లాసు కింద పెట్టాడు. "మేం అన్నదమ్ములం ఇద్దరమే. ఎకరంన్నర చేను. ఇరవై రెండేళ్ళాయె కోర్టుకెక్కి. మా వకీలు పోయినాడు, ఆయన కొడుకు వకీలయినాడు. చేను మాకింకా రాలా, కేసు మాత్రం ఆ పిల్లోడికి వారసత్వంగా వచ్చె."

ఉస్మానీలకీ తర్వాత మనసు కరిగింది. 1603లో గద్దెనెక్కిన మొదటి అహ్మద్ తమ్ముణ్ణి బతకనిచ్చాడు. 1617లో అహ్మద్ పోతే ఆ తమ్ముడే సుల్తానయ్యాడు. వంశంలో వయసులో పెద్దవాడికి గద్దె అనే ఆనవాయితీ మెల్లగా కుదురుకుంది. మరి వంతు వచ్చేదాకా మిగతావాళ్ళు ఎక్కడుండాలి? రాజభవనంలోనే, కాపలా మధ్య, కొన్ని గదుల్లో. ఆ గదుల్ని 'కఫెస్' అనేవారు. అంటే పంజరం. మనవాళ్ళ పంజరాలు బెంగళూరులోనూ డల్లాస్‌లోనూ ఉంటాయి, ఏసీ కూడా ఉంటుంది. ఎన్నికలకి ఆరు నెలల ముందు తలుపు తీస్తారు. చిలక ఎగిరొచ్చి గిద్దలూరులో వాలి, "అన్నా, బాగుండావా?" అంటుంది. నేర్పించిన ముక్క అదొక్కటే.

ఇస్తాంబుల్ మనకి దూరమనుకుంటే గోల్కొండకి రండి. అక్కడ ఏలిన కుతుబ్‌షాహీలు కూడా తుర్కమాన్‌లే. 'కారా కొయున్లు' తెగవాళ్ళు, అంటే నల్లగొర్రెలవాళ్ళు.

"నల్లమల అంచున మనకీ దండిగా గొర్రెలుండాయి గదా," అన్నాడు మామ, "ఒక్క కోటన్నా రాలేదే."

మామ బంకాయన పలక లాక్కున్నాడు. అది అప్పు పద్దుల పలక, మామ బిగించిన ఫ్రేమే. "మూల కాస్త ఖాళీ ఉంది, రాసుకో. నా పద్దులు మాత్రం తుడపబాకు," అని బంకాయన హెచ్చరించాడు. మామ బలపంతో గోల్కొండ సుల్తానుల్ని రాయడం మొదలుపెట్టాడు, నేను చెబుతూ పోయాను.

సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చి, బహమనీల కొలువులో ఎదిగి, 1518లో సొంత కుంపటి పెట్టాడు. ఎంతకీ దిగడు. ముసలితనం మీద పడినా దిగడు. కొడుకు జంషీద్‌కి ఓపిక పోయింది. 1543లో నమాజు చేసుకుంటున్న తండ్రిని చంపించాడు. అన్న కళ్ళు పొడిపించాడు. తమ్ముడు ఇబ్రహీం చేతికి చిక్కకుండా విజయనగరం పారిపోయి అళియ రామరాయల నీడన ఏడేళ్ళు తలదాచుకున్నాడు. 1550లో జంషీద్ జబ్బుచేసి పోతే, ఏడేళ్ళ కొడుకు సుభాన్‌ని గద్దె మీద కూర్చోబెట్టారు. ఫ్లెక్సీలో మన బుడ్డోడు గుర్తున్నాడు కదా, ఆ వరసే. సుభాన్ ఏలుబడి ఒక ఏడాది కూడా సాగలేదు. ఇబ్రహీం తిరిగొచ్చాడు.

ఈ ఇబ్రహీమే మన కవుల మల్కిభరాముడు. అద్దంకి గంగాధరుడు 'తపతీసంవరణోపాఖ్యానం' రాసి ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు తీపి తెలిసినవాడే, కానీ 1565లో మిగతా సుల్తానులతో చేయి కలిపి అదే రామరాయల మీదికి దండెత్తాడు. తిన్న ఏడేళ్ళ అన్నం అరగడానికి పదిహేనేళ్ళు పట్టిందన్నమాట. ఇప్పుడైతే కండువా మార్చిన సాయంత్రానికే అరిగిపోతుంది.

ఆ కొలువులోనే అమీన్‌ఖాను అనే పెద్ద అధికారికి పొన్నగంటి తెలగన అచ్చతెలుగులో 'యయాతిచరిత్ర' రాసి అంకితమిచ్చాడు. కవి గుండెధైర్యం చూడండి. కొడుకు తండ్రిని చంపించిన వంశంలో, కొడుకుల్ని యవ్వనం అప్పడిగిన తండ్రి కథ! పెద్ద కొడుకులు కుదరదన్నారు. చిన్నవాడు పూరుడు ఇచ్చాడు, రాజ్యం వాడికి దక్కింది. మన యయాతులు పిల్లల్ని అంత కష్టపెట్టరు. యవ్వనం రంగుల డబ్బాలో దొరుకుతోంది. జుట్టుకి పూసుకుంటారు, టిక్కెట్టు తామే తీసుకుంటారు.

అసలు కథ ఆ తర్వాత ఉంది. అబ్దుల్లా కుతుబ్‌షాకి కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్ళు. మూడో అమ్మాయికి సయ్యద్ సుల్తాన్ అనే సంబంధం ఖాయమైంది. పెద్దల్లుడికి ఆ పెళ్ళికొడుకంటే ఒళ్ళుమంట. ఈ పెళ్ళి జరిగితే నేను ఔరంగజేబు దగ్గరికి పోతానని భీష్మించాడు. అటు పందిరి వేసేశారు, చుట్టాలు దిగిపోయారు, వంటలు ఉడుకుతున్నాయి. పెళ్ళి ఆపలేరు, ఆ పెళ్ళికొడుకుతో జరపలేరు. అప్పుడు ఎవరికో అబుల్‌హసన్ గుర్తొచ్చాడు. దూరపు రాజబంధువు, సూఫీ గురువు షా రాజు దగ్గర ఏళ్ళ తరబడి ఫకీరులా పడి ఉన్నవాడు. పరుగున వెళ్ళి పట్టుకొచ్చి, తలంటి పోసి, పెళ్ళిబట్టలు తొడిగి గుర్రం ఎక్కించారట. అవతల సిద్ధంగా కూర్చున్న పెళ్ళికొడుకు కూర్చున్నట్టే ఉండిపోయాడు.

"గుర్రం?" అన్నాడు మామ.

"గుర్రానికేం మామా?"

"దానికి చెప్పినారా, పెళ్ళికొడుకు మారినాడని?"

నా దగ్గర జవాబు లేదు. మామ గడ్డం పట్టుకుని ఆలోచించే రకం కాదు, అడిగి వదిలేశాడు. నేను కథ కొనసాగించాను. 1672లో మామగారు పోతే, పెద్దల్లుడు కత్తి దూశాడు గానీ సైన్యమూ దర్బారూ చిన్నల్లుడి వైపు తిరిగాయి. ఫకీరు సుల్తానయ్యాడు. భద్రాచల రామదాసుని చెరలో పెట్టి రాముడి చేతే బాకీ కట్టించుకున్నాడని మనం కథలుగా చెప్పుకునే తానీషా ఈయనే. అంతకుముందు 1612లో కూడా ఆ గద్దె దక్కింది ఒక అల్లుడికే. మహమ్మద్ కులీకి కొడుకుల్లేక, కూతురు హయాత్‌బక్షీ బేగంని చేసుకున్న తమ్ముడి కొడుక్కి వెళ్ళింది.

"అయితే అల్లుడూ, నువ్వేం ఆశ వదులుకోబాకు," అన్నాడు మామ. మామకి ఆస్తి ఆ ఎకరంన్నరే. అదీ కోర్టులో ఉంది.

ఇప్పుడు 1687కి రండి. సెప్టెంబరులో ఔరంగజేబు మనుషులు గోల్కొండలోకి దూరారు. కోట గుమ్మం తెరిచింది లోపలి అధికారే. తానీషా భోజనం వేళయిందని కూర్చుని, తృప్తిగా తిని, వచ్చినవాళ్ళనీ తినమన్నాడని చెబుతారు. తర్వాత దౌలతాబాద్ చెరకి వెళ్ళాడు, అక్కడే పోయాడు. అదే ఏడు నవంబరులో ఇస్తాంబుల్‌లో పంజరం తలుపు తట్టారు. లోపల రెండో సులేమాన్, దాదాపు 40 ఏళ్ళుగా ఉన్నవాడు. మీరే సుల్తాను, రండి అంటే, చంపడానికొచ్చారనుకుని వణికిపోయాడట. చెరకి పోయేవాడు భోంచేశాడు, గద్దెకి పోయేవాడు ఏడ్చాడు. రెండు వంశాల చరిత్రలోనూ గద్దె అంటే ఏమిటో పూర్తిగా అర్థమైనవాళ్ళు వీళ్ళిద్దరేనని నా అనుమానం.

ఉస్మానీల కథకి ముగింపు మాత్రం మన హైదరాబాదులో ఉంది. 1922లో సుల్తాను పదవి పోయింది, 1924లో ఖలీఫా పదవీ పోయింది. ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ దేశం వదిలి ఫ్రాన్స్ చేరితే, ఏడో నిజాం నెలనెలా డబ్బు పంపాడు. 1931లో నీస్ నగరంలో ఖలీఫా కూతురు దుర్రూ షెహ్వార్‌ని నిజాం పెద్దకొడుక్కి, ఆ వంశపు పిల్ల నీలోఫర్‌ని రెండో కొడుక్కి ఇచ్చి పెళ్ళి చేశారు. నిజాం కొడుకుని పక్కనపెట్టి మనవడు ముకర్రంజాని వారసుణ్ణి చేశాడు. ఉస్మానీ రక్తం, అసఫ్‌జాహీ రక్తం, రెండూ ఉన్న వారసుడు. 1967లో తాత పోయేనాటికి రాజ్యం పోయి రెండు దశాబ్దాలు దగ్గరపడుతోంది. ఆయన వెళ్ళి ఆస్ట్రేలియాలో గొర్రెలు మేపించాడు. గోల్కొండ కథ నల్లగొర్రెలతో మొదలైతే, హైదరాబాదు కథ గొర్రెల దగ్గరికే వచ్చి ఆగింది. 2023లో ఇస్తాంబుల్‌లో పోయాడు, మక్కా మసీదులో మట్టి చేశారు.

మరి నీలోఫర్? ఆమెకి పిల్లలు లేరు. తన దగ్గర పనిచేసే మనిషి ప్రసవంలో చనిపోతే తట్టుకోలేక ఆసుపత్రి కావాలని పట్టుబట్టింది. ఇవాళ హైదరాబాదులో పసిపిల్లకి ప్రాణం మీదికొస్తే చెప్పే పేరు నీలోఫర్. 36 మంది సుల్తానుల పేర్లు ఒక్కటీ తెలియని తల్లి కూడా ఆటో ఎక్కి ఆమె పేరే చెబుతుంది.

మామ పలక తిప్పి చూశాడు. "మొగోళ్ళ పేర్లే రాయించినావు. ఆ బేగం పేరేందన్నావు?"

హయాత్‌బక్షీ. ఒక సుల్తానుకి కూతురు, ఒకరికి భార్య, ఒకరికి తల్లి. వరసలో మాత్రం లేదు. పన్నెండేళ్ళ కొడుకు అబ్దుల్లా 1626లో గద్దెనెక్కితే పెత్తనం చూసింది ఆమే. హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలిసిందే. అక్కడ మసీదు ఉంది, బాటసారుల సరాయి ఉంది, ఏనుగులు తిరిగి నీళ్ళు తోడిన పెద్ద బావి ఉంది.

"బావి తవ్వించిందా!" మామ ముఖం వెలిగింది. "మన వరదరాజమ్మ మాదిరి."

అవును. కంభం చెరువు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేయించింది శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఆమె కూడా ఏ గద్దె వరసలోనూ లేదు. కట్ట మాత్రం ఉంది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమన్న గుర్తింపు కూడా వచ్చింది. తర్వాత ఈ సీమ ఎన్ని చేతులు మారిందో లెక్క చూడండి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన దత్తమండలాల్లో కంభం ఉంది. కడప కింద ఉన్నవాళ్ళం 1858లో కర్నూలు కిందికి, 1970లో ఒంగోలు కిందికి వచ్చాం. మమ్మల్ని ఎవరూ అడగలేదు. గుర్రాన్ని మాత్రం ఎవరడిగారు?

నీళ్ళ సంగతీ అంతే, వెలిగొండే చూడండి. పూల సుబ్బయ్య పేరు పెట్టిన, కృష్ణ నీళ్ళు తేవాల్సిన ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన. నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్ల పైచిలుకు. శంకుస్థాపన నాటి నుంచి ముఖ్యమంత్రి కుర్చీలో ఐదుగురు కూర్చున్నారు, ఒకరైతే మళ్ళీ మళ్ళీ. ప్రతి ఎన్నికలోనూ ఈ సొరంగం గుండా ఓట్లు పారాయి. 2024 మార్చిలో సొరంగాల్ని జాతికి అంకితం చేశారు. ఆ రోజు కృష్ణ నీళ్ళు మాత్రం అవతలే ఉండిపోయాయి. కుర్చీకి వారసుడు ఒక్కరోజు ఆలస్యమైతే ఊరంతా గగ్గోలు. సొరంగానికి ఇన్నేళ్ళ ఆలస్యమైనా అంత గగ్గోలు లేదు. కుర్చీ ఆస్తి కింద జమ, సొరంగం అప్పు కింద జమ. ఆస్తికి వారసులుంటారు, అప్పుకి ఊరు ఉంటుంది.

ఇంతలో ట్యాంకరు వచ్చింది. బంకాయన బిందెలు పట్టుకుని పరిగెత్తాడు. వెళ్తూ పలక లాక్కుని, మూలనున్న సుల్తానుల్ని తడిచేత్తో ఒక్క తుడుపు తుడిచేశాడు. ఎనిమిది మందీ పోయారు. మామ పద్దు రెండు వందల నలభై అలాగే ఉంది.

మామ లేచి బిందె అందుకుంటూ ఫ్లెక్సీ వైపు చూశాడు. పెద్దాయన, కొడుకు, పట్టుపంచె బుడ్డోడు, ముగ్గురూ నవ్వుతూనే ఉన్నారు.

"అల్లుడూ, ఆ పెళ్ళినాడు గుర్రానికి నీళ్ళు పెట్టింటారంటావా?" అన్నాడు.