మునివేళ్ల మహారాజు

మనిషి ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. బరువు, పెళ్లి భోజనం చేసొచ్చిన రోజున తూచినా, 48 కిలోలు. ఎక్కే బండి బుల్లెట్ 350. దాని బరువు 195 కిలోలు. అంటే బండి యజమానికి నాలుగింతలన్నమాట. ఇలాంటి మహానుభావుడు మీ ఊళ్లోనూ ఉంటాడు. మా బెజవాడలో పేటకొకడున్నాడు. సందు మలుపులో ముందు చప్పుడు వస్తుంది, తర్వాత హెడ్‌లైటు వస్తుంది, ఆ తర్వాత ట్యాంకు వస్తుంది. మనవాడు ఆఖర్న వస్తాడు.

అతను బండి కొంటానన్న రోజున ఇంట్లో సలహా చెప్పని ప్రాణి లేదు. తల్లి ఎక్సెల్ చాలంది, బియ్యం బస్తా కూడా పడుతుందని. మామగారు స్ప్లెండర్ అన్నారు. “112 కిలోలు అల్లుడూ! ఆగిపోతే తోసుకుంటూ ఇంటికొచ్చేయొచ్చు” అన్నారు. కొనకముందే తోసుకు రావడం గురించి మాట్లాడారని మనవాడికి కోపం వచ్చింది. భార్య మాత్రం, “ఏవండీ, నా యాక్టివా ఉందిగా, అదే తీసుకెళ్లండి” అంది. ఆ మాటతో అతని నిర్ణయం ఖాయమైపోయింది. 2021లో మోహన భోగరాజు ‘బుల్లెట్టు బండి’ పాట వచ్చాక పెళ్లి ఊరేగింపుల్లో ఆ పాట మోగని వీధి లేదు. పెళ్లికూతురు ఆ పాటకి చిందేసిన ఇంట్లో పెళ్లికొడుకు యాక్టివా నడపడమా?

షోరూములో కుర్రాడు తెలివైనవాడు. కస్టమర్ని చూడగానే లెక్క కట్టేశాడు. “సార్, మీ పర్సనాలిటీకి హంటర్ బాగుంటుంది. 181 కిలోలే. సీటు 790 మిల్లీమీటర్లు” అన్నాడు. మనవాడు వినిపించుకోలేదు. “పోనీ మీటియర్ చూడండి సార్, సీటు 765. రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనతాయి.”

“నేల మీద నిలబడ్డానికైతే బండెందుకయ్యా?” అన్నాడు మనవాడు.

ఆ ప్రశ్నకి సమాధానం ఏ కంపెనీ దగ్గరా లేదు. బుల్లెట్ ఎక్కాడు. బండి సైడ్ స్టాండు మీద ఎడమకి ఒరిగి ఉంది కాబట్టి ఎడమ పాదం చక్కగా ఆనింది. “చూశావా, సరిపోయింది!” అన్నాడు. కుర్రాడు వెనక నుంచి బండిని నిటారుగా నిలబెట్టాడు. రెండు మునివేళ్లూ నేలని అలా పలకరించి వచ్చాయి. అప్పటికే అడ్వాన్సు కట్టేశాడు.

ఇందులో ఒక తిరకాసుంది. స్ప్లెండర్ సీటు 785 మిల్లీమీటర్లు, బుల్లెట్ సీటు 805. తేడా రెండు సెంటీమీటర్లే. కానీ బుల్లెట్ సీటు వెడల్పు. తొడలు అటూ ఇటూ విడిపోయి, కిందికి రావలసిన కాలు పక్కకి పోతుంది. కంపెనీవాళ్లు సీటెత్తు కొలిచేది ఖాళీ బండి మీద. తొంభై కిలోల మనిషి కూర్చుంటే స్ప్రింగు అణిగి సీటు దిగుతుంది. మనవాడు కూర్చుంటే ఎవరో కూర్చున్నారన్న కబురు స్ప్రింగు దాకా వెళ్లదు. లావుపాటి మనిషికి వంగడం, బక్కవాడికి బిగుసుకుపోవడం అనే లోకరీతి ఇనుముకి కూడా తెలుసు.

బండి ఇంటికొచ్చాక మనవాడికి భూగోళశాస్త్రం మీద పట్టు పెరిగింది. ఏ హోటల్ ముందు నేల ఎటు వాలిందో కార్పొరేషన్ ఇంజనీరుకైనా తెలియదేమో కానీ, అతనికి తెలుసు. ముందు చక్రం పల్లంలోకి పెట్టి ఆపాడంటే వెనక్కి తీయాలి. మునివేళ్ల మీద కూర్చుని 195 కిలోలని ఎగువకి నెట్టడం మానవమాత్రుడి వల్ల కాదు. అందుకే ఇడ్లీ ఎక్కడ బాగుంటుందని కాదు, నేల ఎక్కడ చదునుగా ఉంటుందని చూసి టిఫిన్‌కి వెళ్తాడు.

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర మధ్యలో ఆగడు. ఫుట్‌పాత్ రాయి పక్కకో, డివైడర్ పక్కకో చేరి, దాని మీద కాలు పెట్టి మీసం దువ్వుతాడు. ఆ రెండూ దొరక్కపోతే దూరం నుంచే నత్తనడక మొదలుపెడతాడు, తను చేరేలోగా పచ్చలైటు పడాలని. వెనకవాళ్ల హారన్లని జయజయధ్వానాలుగా స్వీకరిస్తాడు.

ఒకోసారి ఆగిన చోటే బండి ఒరుగుతుంది. కొంచెం ఒరిగినప్పుడే ఆపాలి. ఒక హద్దు దాటాక ఆ బరువుని పహిల్వానైనా ఆపలేడు. “పడిందా?” అని అడక్కూడదు. “దించాను” అంటాడు. నలుగురొచ్చి లేపుతుంటే పక్కన నిలబడి, “సైలెన్సర్ పట్టుకోకండి, కాలుద్ది!” అని పర్యవేక్షిస్తాడు.

సెంటర్ స్టాండ్ వేయడం అతని జీవితంలో తీరని కోరిక. ఆటోనగర్లో మెకానిక్ దగ్గరుండే కుర్రాడు ఇతని కంటే సన్నం. వాడు స్టాండు మీద కాలేసి, ఒళ్లంతా దాని మీదికి దించాడు. బండి దానంతటదే లేచి కూర్చుంది. “చేత్తో లాగొద్దన్నా, కాలితో తొక్కు. బలంతో పని లేదు” అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: “సీటు ఫోము కాస్త కోయిద్దాం. వెనక షాకబ్జర్లు ఒక మెట్టు వదులు చేద్దాం. హాయిగా ఆనతాయి కాళ్లు.” మనవాడు బండి వంక చూశాడు. రాజుగారి సింహాసనాన్ని రంపంతో కోస్తానన్నంత పనైంది. సీటు ముట్టుకోనివ్వలేదు. బూట్లకి అంగుళం మందం సోలు వేయించుకున్నాడు.

అతని తరఫున కూడా ఒక మాట చెప్పాలి. వారధి మీద ఈదురుగాలి కొట్టి, పక్కనుంచి లారీ దూసుకుపోతే తేలికబండి మీది తేలికమనిషి గాలిపటమవుతాడు. బుల్లెట్ కదలదు. “బరువైన బండి ఎందుకంటారా? ఇందుకు!” అని అతను ఛాతీ విరుచుకునేది అక్కడే. వారధి దిగాక మళ్లీ సిగ్నలుంటుంది.

అసలు పరిష్కారం అనుకోకుండా దొరికింది. ఒకరోజు 95 కిలోల బావగారిని వెనక ఎక్కించుకున్నాడు. స్ప్రింగులు మూలిగాయి, సీటు దిగింది, మనవాడి పాదాలు తొలిసారి నేల మీద పరుచుకున్నాయి. సిగ్నల్లో రోడ్డు నడిమధ్య ఆగి, అటూ ఇటూ దర్జాగా చూశాడు. ఆనాటి నుంచి బావగారికి ఆ ఇంట్లో పెసరట్టు మీద ఉప్మా తప్పడం లేదు. బావగారు సన్నబడాలని పొద్దున్నే నడక మొదలుపెడితే, “మోకాళ్లు అరిగిపోతాయి బావా” అని మాన్పించాడు.

ఇప్పుడతను గొప్ప పరోపకారి. రోడ్డు మీద భారీకాయం కనపడితే చాలు, బండి ఆపి “ఎక్కడిదాకా అండీ?” అంటాడు. మొన్న బస్టాండుకి వెళ్దామని నిలబడితే నా దగ్గరా ఆపాడు, ఫుట్‌పాత్ రాయి చూసుకునే. ఎగాదిగా చూశాడు.

“ఎంతుంటారు గురువుగారూ?”

“యాభై అయిదు.”

“లాభం లేదండీ. ఆటోలో వెళ్లిపోండి” అని గేరేశాడు.