మన్రోవిల్‌లో నాటకం బాగా రక్తి కట్టింది

అలబామాలో మన్రోవిల్ అనే చిన్న ఊరుంది. చేయని నేరానికి ఓ నల్లవాణ్ని దోషిని చేసిన కథ రాసి లోకాన్ని ఏడిపించిన హార్పర్ లీ ఆ ఊరి ఆడపడుచే. 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ వచ్చింది, ఊరు మురిసిపోయింది. 1991 నుంచి ఏటా పాత కోర్టు ఆవరణలోనే ఆ కథను నాటకంగా ఆడుతోంది. జ్యూరీగా ప్రేక్షకుల్లోంచే కొందర్ని పిలిచి కూర్చోబెడతారు.

తొలిసారి తెర లేచిన ఆ 1991లో వాల్టర్ మెక్‌మిలియన్ అనే స్థానిక నల్లవాడు జైల్లో మరణశిక్ష కోసం ఎదురుచూస్తున్నాడు. చేయని నేరానికే. ఏ నాటక సమాజానికి దొరుకుతుంది ఇంతటి ప్రచారం?

1986 నవంబరు 1న ఆ ఊరి లాండ్రీలో పద్దెనిమిదేళ్ల తెల్లమ్మాయిని ఎవరో చంపారు. నెలలు గడిచినా హంతకుడు దొరకలేదు. మెక్‌మిలియన్ దొరికాడు. ఓ తెల్లావిడతో అతనికి సంబంధం ఉందని ఊరు అప్పటికే గుసగుసలాడుతోంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

హత్య జరిగిన పూట అతను ఇంట్లోనే ఉన్నాడు. వాకిట్లో చర్చి కోసం చేపలు వేపి అమ్ముతున్నారు. అతణ్ని చూసినవాళ్లు డజన్ల మంది, దాదాపు అందరూ నల్లవాళ్లు. సున్నాలు ఎన్ని కూడితే ఏం వస్తుంది? అటువైపు రాల్ఫ్ మయర్స్ అనే తెల్ల నేరస్థుడు ఒక్కడే చాలాడు. అమాయకుణ్ని ఇరికించమంటున్నారని అతను మొత్తుకున్న టేపు పోలీసుల దగ్గరే భద్రంగా ఉండిపోయింది. నేలకు ఆనేలా దించిన మెక్‌మిలియన్ ట్రక్కును లాండ్రీ దగ్గర చూశానని మరో సాక్షి చెప్పాడు. ట్రక్కును అలా దించింది హత్య జరిగిన కొన్ని నెలల తర్వాత. దివ్యదృష్టి అంటే అదీ!

విచారణకు ఏడాది ముందే అతణ్ని మరణశిక్ష ఖైదీల మధ్య పెట్టారు. పెళ్లికి ముందే పురుడు. ఆ జైల్లో పసుపు రంగు విద్యుత్ కుర్చీ ఉండేది, ముద్దుపేరు ‘ఎల్లో మామా’, అంటే పసుపు అమ్మ. రోడ్ల శాఖ పెయింటు పూశారు దానికి. మనమూ అమ్మోరికి పసుపే పూస్తాం. బలికి మాత్రం మేకపోతుతో సరిపెడతాం.

ఇక విచారణ. జ్యూరీలో పదకొండుమంది తెల్లవాళ్లు, ఒక్క నల్లవాడు. ఒకటిన్నర రోజులో ముగించారు. మా ఊళ్లో గట్టు తగాదా కూడా అంత త్వరగా తెగదు. అంతా అయ్యాక జ్యూరీ యావజ్జీవం చాలంటే, జడ్జిగారు కాదని మరణశిక్ష వేశారు. ఆయన పేరు రాబర్ట్ ఇ. లీ కీ. బానిసత్వం నిలబెట్టుకోవడానికి కత్తి దూసిన పక్షం సేనాపతి పేరే. జ్యూరీ మాట తోసేసే ఆ అధికారాన్ని అలబామా 2017లో తీసేసింది, అంతకుముందు అలా శిక్ష పడ్డవాళ్లను మాత్రం అలాగే ఉంచేసింది. పాత బాకీ కదా!

మయర్స్ తన సాక్ష్యం అబద్ధమన్నాడు, లాయరు బ్రయన్ స్టీవెన్‌సన్ పోరాడాడు, 1993 మార్చిలో మెక్‌మిలియన్ బయటికొచ్చాడు. ఆరేళ్లు పోయాయి. పరిహారం కోసం కౌంటీ మీద దావా వేస్తే 1997లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది: ఈ కేసు దర్యాప్తు చేసిన షెరీఫ్ రాష్ట్రం మనిషి, కౌంటీకి బాధ్యత లేదు. ఓట్లేసేది కౌంటీ, జీతమిచ్చేదీ కౌంటీ. తప్పు చేసిన పూట మాత్రం పరాయివాడు.

అదే 1997లో అలబామా శాసనసభ మన్రోవిల్‌ను రాష్ట్ర సాహిత్య రాజధానిగా ప్రకటించింది.

ఆ షెరీఫ్‌ను జనం మళ్లీ మళ్లీ గెలిపించారు. ఏటా వసంతంలో నాటకానికీ వెళ్లారు. జ్యూరీలో కూర్చున్న ప్రేక్షకులు ప్రతిసారీ ‘దోషి’ అనే చెబుతారు. స్క్రిప్టులో అలాగే ఉంది.