విభక్తులలో చిక్కిన చెంచు

బాల్యమున మా తెలుగు పంతులుగారు బెత్తముతో బల్లపై తాళము వేయుచు వల్లె వేయించిన ‘డు-ము-వు-లు ప్రథమా విభక్తి’ పాఠము జీవితమున నాకెన్నడును అక్కఱకు రాదనియే ఇంతకాలము భ్రమసియుంటిని. మొన్న ఒక మిత్రుడు తెచ్చి నా యెదుట పడవేసిన, నల్లమల రక్షణలో గిరిజనుల భాగస్వామ్యమును గూర్చిన కాగితముల కట్టను రెండు రాత్రులు మేలుకొని చదివిన పిమ్మట, వనసంరక్షణ మన్నది వృక్షశాస్త్రముగాని జంతుశాస్త్రముగాని కాదనియు, అది కేవలము వ్యాకరణమనియు తెలిసికొని ఆ పంతులుగారికి మనసులోనే నమస్కరించితిని.

తొలుత నల్లమల గిరిజనుడైన చెంచుకు లభించినది పంచమీ విభక్తి. అడవి యెవరి వలన చెడుచున్నది? చెంచుల వలన. తేనెకు పోయినవాని వలన, గడ్డలు త్రవ్వినదాని వలన, వారి మేకల వలన. రైలు పట్టాల క్రింద దుంగలై పఱుచుకొన్న మ్రాకులకును, కాగితపు మిల్లులకు లారీల కొలది వెడలిన వెదురుకును ఏ విభక్తియు అంటలేదు. అవి ప్రగతి ఖాతాలో జమపడినవి.

1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము ప్రాంతము పులుల ప్రాజెక్టులో చేరినది. 1992లో సర్కారు మనసు కరిగి, వన సంరక్షణ సమితులను పుట్టించి, చెంచును పంచమి నుండి తృతీయకు ప్రమోషను చేసినది. ఇకమీదట అడవిని ప్రజల ‘తోడన్’ కాపాడుదురట! కాని తృతీయతో ఒక చిక్కు గలదు, పాఠకులు దయచేసి చిత్తగింపవలెను. ‘రాముడు లక్ష్మణునితో అడవికి పోయెను’ అన్నచోట లక్ష్మణుడు తోడు. ‘రాముడు గొడ్డలితో కొమ్మను నఱికెను’ అన్నచోట గొడ్డలి పనిముట్టు. ప్రత్యయ మొక్కటే. ‘అటవీ శాఖవారు చెంచుతో అడవిని కాపాడిరి’ అన్నప్పుడు ఆ చెంచు లక్ష్మణుడా, గొడ్డలియా? పులి యడుగు చూచి అది ఆడదో మగదో, రాత్రి పోయినదో తెల్లవాఱి పోయినదో చెప్పగలవాడు, అగ్గి రేగినచో మొదట కొమ్మ విఱిచి దానిపై పడువాడు, బేస్ క్యాంపులో కూలికి కావలి కాయుచున్నాడు; వాడు చెప్పినదానిని ఇంగ్లీషులో వ్రాసినవారు నిపుణులగుచున్నారు. గొడ్డలికి జీతము ఆలస్యమైనను గొడ్డలి అడుగదు గదా!

2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఈ సమితుల ‘ఉమ్మడి’ అటవీ యాజమాన్యము ‘సామాజిక’ యాజమాన్యముగా పేరు మార్చుకొన్నది. పేరును గూర్చి యింతకంటె చెప్పదగిన దేమియు లేదు.

అటుపిమ్మట ఒక విపరీతము జరిగినది. 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టము, తెలిసి చేసెనో తెలియక చేసెనో, చెంచును ఏకముగా ప్రథమా విభక్తిలో కూర్చుండబెట్టినది: సాముదాయిక అడవిని కాపాడుటకును నిర్వహించుటకును గ్రామసభయే కర్త, పులి పేరిటనైనను వారిని కదల్పవలెనన్న వారి సమ్మతి ముందు కావలెను. కర్తను వాక్యము నుండి తొలగించు విద్య తెలియనివారు కచేరీలలో ఎట్లు మనగలరు? వెంటనే కర్మణి ప్రయోగము పుట్టినది: ‘స్వచ్ఛందముగా తరలింపబడుట.’ తన యిచ్ఛతో తాను మఱియొకరిచేత కదల్పబడు ఈ అద్భుతక్రియను చిన్నయసూరి గారు చూచియుండినచో బాలవ్యాకరణమునకు ఒక పరిచ్ఛేదము చేర్చియుందురు. ఈ యిచ్ఛ వెల 2008లో కుటుంబమునకు పది లక్షలు, 2021లో పదునైదు లక్షలు. తేనెపట్టున్న చెట్టు ఏ వాగు పక్క నున్నదో తాతనాటి నుండి ఎఱిగిన ఆ యెఱుక ఆ లెక్కలో ఏ పద్దు క్రిందికి వచ్చునో నాకు కనబడలేదు.

పులికి ఈ బాధ లేదు. 2014లో రాష్ట్రము చీలి, కృష్ణకు ఉత్తరపు టడవి అమ్రాబాదు పేర 2,611 చదరపు కిలోమీటర్ల వేఱింటి కాపురము పెట్టినను, అది ఏటి కీవలనో ఆవలనో అడుగిడుటకు బదిలీ ఉత్తర్వు కోరదు. గుండ్ల బ్రహ్మేశ్వరము దాటి శేషాచలము దిక్కునకు సాగు దాని త్రోవ కొంత అభయారణ్యములోను, కొంత ఎవరి చేని గట్టునో, ఎవరి గొఱ్ఱెల దొడ్డి వెనుకనో పోవును. అచ్చట ఏ గేటును లేదు. ఆ గొఱ్ఱెలవాని ఓర్పే గేటు. ఆ ఓర్పునకు విభక్తి యేదో నేను చదివిన కాగితములలో లేదు. 2019లో యురేనియము కొఱకు అడవిలో బోరు వేయుదురన్న వార్త వచ్చినప్పుడు ‘మేము ఒప్పము’ అని చెంచులు ప్రథమా విభక్తిలోనే పలికిరి; తక్కినవారు గొంతు కలిపిరి; ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభయు వద్దని తీర్మానించినది. వ్యాకరణము వారికి రాక కాదన్నమాట.

అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని వరించి చెంచుల యింటి అల్లుడైనాడు. ఇప్పటికిని సంక్రాంతి వెళ్లిన కనుమనాడు పల్లకి యెక్కి, పారువేట పేర నెలకు పైగా చుట్టుపట్ల పల్లెలన్నియు తిరిగి, తన పెండ్లికి జనులను తానే పిలిచి వచ్చునని ప్రతీతి. మా మిత్రుని కట్టలోని కడపటి కాగితము కూడ ఒక పిలుపే: గ్రామసభకు రావలసినదని. తీర్మానము దాని వెనుకనే టైపు చేసి కుట్టియున్నది. అడుగున, వ్రేలిముద్ర పడవలసిన చోట, పెన్సిలుతో చిన్న గుండ్రము చుట్టియున్నది.