చలికీ ఒక ముహూర్తం

శివరాత్రి జాగారం తీరిన మర్నాడు మా తెనాలి వైపు ఇళ్ళల్లో ఒక తంతు జరుగుతుంది. రగ్గులు, బొంతలు, మంకీ క్యాపులు, మఫ్లర్లు అన్నీ పోగేసి, కలరా ఉండలు చుట్టి, అటకెక్కిస్తారు. ఆ పొద్దున ఎదురింటి గేటు కనపడనంత మంచు కురుస్తున్నా సరే, ఎక్కిస్తారు. అటకెక్కించేవాడు తుమ్ముతూ ఎక్కిస్తాడు. కింద నిచ్చెన పట్టుకున్న ఇల్లాలు చీర కొంగు నిండా కప్పుకుని పట్టుకుంటుంది. అయినా చలి లేదు. శివరాత్రికి చలి "శివ శివా" అంటూ పోతుందని పెద్దలు చెప్పారు కదా. పోలేదని సాక్ష్యం చెప్పడానికి మన ఒళ్ళెంత, మన వణుకెంత!

నాకు సామెత మీద కోపం లేదు. చలి చదువు మీదే అనుమానం. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. 2024లో అది మార్చి 8న వచ్చింది. 2025లో ఫిబ్రవరి 26న. 2026లో ఫిబ్రవరి 15నే. 2027లో మళ్ళీ మార్చి 6కి పోతుంది, మధ్యలో అధిక జ్యేష్ఠం వచ్చిపడింది గనక. అంటే ఒక ఏడాది సంక్రాంతి అయిన నెలకే చలి మూటాముల్లె సర్దుకోవాలి, ఇంకో ఏడాది యాభై రోజులు దాటినా చూరు పట్టుకుని వేలాడాలి. పంచాంగం కొన్నవాళ్ళలో అధిక మాసం ఎందుకొస్తుందో చెప్పగలిగేవాళ్ళు వీధికొకరు దొరకరు. ఉత్తరాది నుంచి దిగొచ్చే పొడిగాలికి మాత్రం ఆ లెక్కంతా కంఠతా వచ్చన్నమాట. నాగపూరు దాటేటప్పుడే తిథి, వారం చూసుకుని, "ఈసారి పండగ ఆలస్యం, బాపట్లలో ఇంకో మూడు వారాలు మకాం" అనుకుని బయల్దేరుతుంది కాబోలు.

2023లో ఏమైందో చూడండి. శివరాత్రి ఫిబ్రవరి 18న. దేశం మొత్తం మీద ఆ ఫిబ్రవరి పగటి ఉష్ణోగ్రతల సగటు 1901 నుంచి లెక్కలున్నంత మేరా అన్నిటికన్నా ఎక్కువ. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి రాత్రీ పగలూ కలిపిన సగటు కూడా అదే ఘనత సాధించింది. చలి పండగ దాకా ఆగకుండా ముందే జారుకున్నా సామెత సామెతగానే ఉంది. ఎన్నికల్లో నిలబడినవాడికి డిపాజిట్టు పోయే భయమన్నా ఉంటుంది. సామెతకు అదీ లేదు.

"సరిగ్గా ఆ రోజే అని కాదండీ, ఆ దగ్గర్లో అని" అంటూ సర్దిచెప్పే మధ్యవర్తులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఫిబ్రవరి నడిమి నుంచి మార్చి రెండో వారం దాకా దగ్గర్లోనే అని ఒప్పుకుంటే, శివరాత్రికి ఉల్లిపాయల ధర దిగుతుందన్నా నిజమే అవుతుంది, మేనత్త కూతురికి సంబంధం కుదురుతుందన్నా నిజమే అవుతుంది.

ఇంతకీ మన చలి ఎంత చలి అని? మైదానాల్లో చలిగాలులు అని ప్రకటించాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగాలంటుంది భారత వాతావరణ శాఖ. తీరప్రాంతాల వాళ్ళ సుకుమారం చూసి కాస్త వెసులుబాటు ఇచ్చింది. అక్కడ 15కు దిగి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే చాలట. బాపట్లకు ఆ రాయితీ కూడా అక్కరకు రావడం కష్టం. ఫిబ్రవరి రాత్రుల్లో మన పాదరసం ఇరవైకి కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఇరవైకే రేపల్లె బస్టాండులో ఒక పెద్దమనిషి మంకీ క్యాపులోంచి కళ్ళూ మీసాలూ మాత్రం బయటపెట్టి, రెండు చేతులా గ్లాసు పట్టుకుని టీ ఊదుకుంటూ ఉంటాడు. ఎవరెస్టు ఎక్కేవాళ్ళు కూడా ఇంత జాగ్రత్త తీసుకోరు. అదే పెద్దమనిషి పన్నెండింటికి అదే బస్టాండులో చెరకురసం బండి దగ్గర ఐసు ఎక్కువ వెయ్యమని పోట్లాడుతూ కనిపిస్తాడు. క్యాపు చంకలో ఉంటుంది. "ఈ ఎండలేందండీ బాబూ" అంటాడు. పొద్దున్న అన్నమాట సాయంత్రానికి మార్చే నాయకుల్ని తిడతాం గానీ ఆయన మాత్రం ఏం చేస్తాడు?

మాఘం చివర, ఫాల్గుణంలో ఇక్కడ నిజంగా జరిగేది ఒక ముక్క సామెతలో పట్టేది కాదు. తెల్లవారుజామున ఆకాశం తేటగా ఉంటుంది, ఆకు కదలదు. కోతలైన మాగాణి ఇంకా పదునుగానే ఉంటుంది. పక్కన కాలవలు, మురుగు కాలవలు, బోదెలు. నేలలోని వేడి రాత్రికి రాత్రి ఆకాశానికి పోయాక, దాన్ని అంటుకుని ఉన్న తడిగాలి చల్లబడి మంచు కమ్ముతుంది. వేమూరు దగ్గర రేపల్లె రైలు దీపం కనపడకముందే కూత వినపడుతుంది. తొమ్మిదిన్నరకు అదంతా ఏమైపోయిందో తెలీదు. పదకొండింటికి తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. అప్పుడు సూర్యలంక వైపు నుంచి సముద్రపుగాలి లేస్తుంది. తీరానికి తొమ్మిది పది కిలోమీటర్లలో ఉన్న బాపట్లకు అది భోజనాల వేళకే అందుతుంది. తెనాలికి చేరేసరికి పొద్దు వాలుతుంది, అదీ దానికి ఓపిక ఉంటే. అందుకే ఒకే గంటలో బాపట్ల బావగారు వరండాలో కునుకు తీస్తుంటే తెనాలి బావమరిది కూలరు దుమ్ము దులిపిస్తుంటాడు. "మాకు చల్లగానే ఉందయ్యా" అని ఒకరు, "ఇక్కడ మాడిపోతున్నాం" అని ఒకరు ఫోనులో చెప్పుకుని, అవతలివాడు కోతలు కోస్తున్నాడని ఎవరికి వారు నిర్ధారించుకుంటారు.

గొడవంతా రగ్గులదే అయితే ఇంత రాయనక్కర్లేదు. తుమ్మినవాడు మిరియాల కషాయం తాగుతాడు, మందుల షాపువాడు "వాతావరణ మార్పండీ" అంటూ నాలుగు గోళీలు చిట్టి కవర్లో పోసిస్తాడు, అయిపోతుంది. కానీ ఈ నెలన్నర రోజులే ఇక్కడ పొలం మీద డబ్బు బయటపడి ఉండే కాలం. వరి కోతకు ముందే ఆ చేలో చల్లిన మినుము, కోతయ్యాక నేలలో మిగిలిన తడితోనూ రాత్రి కురిసే మంచుతోనూ బతికి కాయ కాస్తుంది. దానికి కొంచెం మంచు పాలు పోసినట్టు. అదే మంచు రోజుల తరబడి వదలకపోతే బూడిద తెగులు, తుప్పు తెగులు. పూతకొచ్చిన మామిడికి మబ్బూ మంచూ కలిస్తే తేనెమంచు పురుగు. కొల్లిపర, దుగ్గిరాల వైపు పసుపు తవ్వి, ఉడికించి, కళ్ళాల్లో ఎండబోస్తారు. అది గలగలలాడేదాకా రోజుల తరబడి ఎండాలి, ఒక్క జల్లు తగిలితే రంగు చెడుతుంది, యార్డులో ధర దిగుతుంది. ఇక మొక్కజొన్నకు, జొన్నకు ఆర్ అండ్ బి రోడ్డే కళ్ళం.

ఆ రోడ్డు పక్కన పొద్దున్నే నడకకు వచ్చిన ఒక రిటైర్డు మాస్టారికీ, మినుము కుప్ప మీద పట్టా సర్దుతున్న రైతుకీ జరిగిన సంభాషణ ఇది.

"ఏందబ్బాయ్, శివరాత్రి ఎళ్ళిపోయిందిగా! ఇంకా ఈ పట్టాలేంది, ఈ కాపలాలేంది?"

"పండగెళ్ళింది మాస్టారూ. మబ్బెళ్ళలా."

"మనోళ్ళు ఊరికే చెప్తారంటయ్యా? ఇంక ఎండలే. నా మాటిని పరిచెయ్."

"పరుత్తాలే. తడిత్తే తమరు కొంటారా మరి?"

మాస్టారు నడక వేగం పెంచారు. ఆరోగ్యానికి అది మంచిదే.

శివరాత్రి సామెత మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. చెప్పేవాడికి పైసా ఖర్చు లేదు. 2023 మార్చి మధ్యలో అకాల వానలు పడ్డాయి. శివరాత్రి వెళ్ళి అప్పటికి నెల కావస్తోంది. మొక్కజొన్న పడిపోయింది, అరటి విరిగింది, కళ్ళాల్లో మిర్చి తడిసింది. పంట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళ ఫారంలో "సామెతను నమ్మినందువల్ల" అనే గడి ఎక్కడా ఉండదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు దీనికి నవ్వుతారేమో, నవ్వకండి. అక్కడ పెన్సిల్వేనియాలోని పంక్సటానీ అనే ఊళ్ళో 1887 నుంచి ప్రతి ఫిబ్రవరి 2న ఉడుత జాతి బొరియ జంతువు ఒకదాన్ని బయటికి లాగుతారు. అది తన నీడ చూసుకుంటే శీతాకాలం ఇంకో ఆరు వారాలు, చూసుకోకపోతే వసంతం ముందే వస్తుందని లెక్క. టోపీలు, కోట్లు వేసుకున్న పెద్దలు దాని మాటను గంభీరంగా చదివి వినిపిస్తారు. పిట్స్‌బర్గులో ఉండే మన సాఫ్ట్‌వేరు అబ్బాయి ఆ వేడుక టీవీలో చూసి, "ఎంత మూఢనమ్మకమో చూడండి" అని పక్క క్యూబికల్ వాడితో అని, తరవాత తెనాలికి ఫోను చేసి, "శివరాత్రి అయిందిగా అమ్మా, నీ కీళ్ళనొప్పులు తగ్గుతాయిలే" అంటాడు. నన్నడిగితే ఆ జంతువే నయం. రెండు రకాల జవాబులన్నా దగ్గర పెట్టుకుంది.

సామెతను పాతబడిందని పక్కనపెట్టిన నవతరం దానికన్నా గట్టిదాన్ని పట్టుకుంది. ఫోను తెరిస్తే చాలు, ఎర్రటి బాణాలు, గిరగిర తిరిగే సుడి, "ఏపీకి మహా గండం, 48 గంటలే గడువు" అని కేకలు. ఆ బొమ్మలోని సుడి ఏ మహాసముద్రంలోదో, ఏ సంవత్సరానిదో దాన్ని అతికించినవాడికైనా తెలుసో లేదో. బంగాళాఖాతంలో ఫిబ్రవరిలో తుపాను పుట్టడం చాలా అరుదు. 1977 నవంబరు 19న దివిసీమనూ రేపల్లె తీరాన్నీ ముంచిన ఉప్పెన, 1990 మేలో వచ్చిన పెను తుపాను, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర ఒడ్డెక్కిన మిచౌంగ్, వీటిని ఒళ్ళంతా గుర్తుంచుకున్న ఊళ్ళివి. అలాంటి చోట ఫిబ్రవరిలో ఉత్తుత్తి తుపాను అమ్మడమంటే మంట కాలినవాడింటి ముందు నిప్పు నిప్పని అరవడమే. అసలు తుపాను వచ్చినప్పుడు ఎవరు నమ్మాలి?

ఇన్ని నిశ్చయాల మధ్య అందరూ నవ్వేది ఎవర్ని చూసి? అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్‌ను చూసి. "ఒకటి లేదా రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది." ఈ వాక్యం మీద తెనాలి టీ కొట్టుల్లో ఖర్చయినన్ని జోకులు అత్తాకోడళ్ళ మీద కూడా ఖర్చయి ఉండవు. ఆ ఒకటి ఎక్కడ, ఆ రెండు ఎక్కడ, పేరు చెప్పొచ్చుగా అంటారు.

వానల మీద ఈ ఊళ్ళలో వినిపించే మాటల్లో కొలత ఉన్న మాట అదొక్కటే. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నూటికి 25కు మించకుండా అని అర్థం. కొన్ని చోట్ల అంటే నూటికి 26 నుంచి 50. తేలికపాటి అంటే 24 గంటల్లో రెండున్నర నుంచి పదిహేనున్నర మిల్లీమీటర్లు, మోస్తరు అంటే అక్కణ్ణించి 64.4 దాకా. తప్పయితే మర్నాడు గేజీ చూసి తప్పని చెప్పొచ్చు. మాఘ మబ్బు కొల్లూరులో కురిసి భట్టిప్రోలుకు చుక్క రాల్చకుండా పోయే రకం. వాతావరణ శాఖ 2025 మేలో మొదలుపెట్టిన కొత్త అంచనా నమూనా కూడా దేశాన్ని 6 కిలోమీటర్ల గడులుగానే చూస్తుంది. ఆ గడిలో మీ కళ్ళం ఏ మూల ఉందో దానికి తెలీదు, తెలీదని ఒప్పుకుంటుంది కూడా.

అంతమాత్రాన ఆఫీసువాళ్ళు పత్తిగింజలని నేననను. 64 మిల్లీమీటర్లు మినుము కుప్ప మీద పడ్డాక దాన్ని "మోస్తరు" అనాలంటే ఢిల్లీలో ఉండాలి, కుప్ప దగ్గర ఉండి అనలేరు. జనవరి, ఫిబ్రవరి శీతాకాలమనీ మార్చి 1 నుంచి వేరే కాలమనీ వాళ్ళూ గీత గీసుకున్నారు. కానీ ఆ గీత లెక్కల పుస్తకానికే. దాన్ని చూసి రగ్గులు అటకెక్కించమని వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. పైగా మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి జిల్లాల వారీగా వ్యవసాయ సలహాలు తెలుగులోనే ఇస్తున్నారు. 2019లో మేఘదూత్ అని యాప్ కూడా పెట్టారు. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్లలో, వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉన్న బాపట్లలో, "రేపు మబ్బు పడుద్దా" అని అడిగితే మాత్రం వేళ్ళన్నీ గోడకు తగిలించిన పండగల క్యాలెండరు వైపే చూపిస్తాయి.

ఇక ఉగాది వస్తోంది. గుళ్ళో షామియానా వేస్తారు, మైకు కీచుమంటుంది. మేఘాధిపతి ఎవరు, ఈ ఏడు ఎన్ని కుంచాల వాన, అందులో సముద్రం పాలు ఎన్ని భాగాలు, కొండల మీద ఎన్ని, మిగిలి భూమ్మీద పడేవి ఎన్ని అన్నది సిద్ధాంతిగారు లెక్క తప్పకుండా చెబుతారు. నిరుడు చెప్పినదాంట్లో ఎన్ని కుంచాలు అందాయో అడిగే ఆచారం మనకు లేదు, అడిగితే మర్యాదా కాదు. చైత్ర మాసపు ఎండలో ఆయనకు మందపాటి ఉన్ని శాలువా కప్పి సన్మానం చేస్తారు. ఆయన దానిలోపల చెమటలు కక్కుతూనే, వర్షాలు సకాలంలో కురుస్తాయని దీవిస్తారు. ఎక్కడ కురుస్తాయో మాత్రం చెప్పరు. ఒకటి రెండు చోట్ల అనుకోవాలి.