పెన్నేరు గడ్డకు వాసన ఉండేది

నా మనుమడి గదిలో కిటికీ పక్కన ఏడు డబ్బాలున్నాయి. మొన్న కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి చదివాను. ఒకదాని మీద అశ్వగంధ. ఇంకొకదాని మీద పసుపు సారం, మిరియాల సారం. మూడోదాంట్లో శొంఠి, నల్లేరు, ఇంకా ఏవేవో కలిపి ‘మజిల్ రికవరీ’ అని రాశారు. మూత తీసి వాసన చూశాను. ప్రొటీన్ పొడికి వెనీలా వాసన. అశ్వగంధ గోలీలకు ఏ వాసనా లేదు.

అశ్వగంధ అన్న పేరులోనే గుర్రం వాసన ఉంది. మా దిక్కు పెన్నేరు గడ్డ అంటారు. పచ్చి వేరును నలిపితే గుర్రాల కొట్టంలో నిలబడ్డట్టే ఉంటుంది. ఆ వాసనకు ముక్కు మూసుకునే పాలల్లో కలుపుకుని తాగేవాళ్లం. నచ్చేది కాదు, కానీ ఏం తాగుతున్నామో తెలిసేది.

నేను 1976లో, పందొమ్మిదేళ్ల వయసులో, సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చాను. ఇప్పుడంటే వరంగల్‌లో నవజీవన్ ఎక్కినవాడు నేరుగా ఇక్కడ దిగుతాడు. అప్పుడు బండ్లు మారుతూ, సంచి మీద కూర్చుని వచ్చాం. లింబాయత్‌లో పదిమందికి ఒక్క గది. పగటి షిఫ్టు వాళ్లు రాత్రి పడుకున్న చాపల మీదే రాత్రి షిఫ్టు వాళ్లు పగలు పడుకునేవాళ్లు. సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, పన్నెండు గంటలు నిలబడాలి. కూలి మీటరు లెక్కన. పోగు తెగితే వంగాలి, కండె అయిపోతే మార్చాలి, బీము వస్తే నలుగురం కలిసి భుజాల మీద మోయాలి, నేసిన తాకాలు దించాలి. మొదటి వారం నా పిక్కలు రాళ్లయ్యాయి. మొదటి రోజు కంటే రెండో రోజు, మూడో రోజు నొప్పి ఎక్కువైంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేవాణ్ని.

అది ఎందుకో అప్పుడు ఎవరికీ తెలియదు. రక్తం గడ్డకట్టిందన్నాడొకడు, నంజు చేరిందన్నాడు ఇంకొకడు. ఇప్పటి పిల్లలకు తెలిసింది మాకు తెలియదు, ఆ మాట ఒప్పుకుంటాను. అలవాటు లేని పని చేసినప్పుడు, ముఖ్యంగా కండ సాగుతూ బరువు మోసినప్పుడు, దాని పోగులు సన్నగా చిట్లుతాయట. ఆ నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత ముదిరి తనంతట తానే తగ్గుతుందట. లాక్టిక్ యాసిడ్ పేరుకోవడం వల్ల కాదట, అది గంట రెండు గంటల్లోనే పోతుందట. చిట్లిన పోగు మళ్లీ అతుక్కోవాలంటే తిండి కావాలి, నిద్ర కావాలి, నడుమ విరామం కావాలి. పోగు అతకడం నేతగాడికి ఒకరు చెప్పాల్సిన పని కాదు. సాంచ ఆపకుండా ఏ పోగూ అతకలేం.

మా ఖానావళి నడిపిన అక్కది వరంగల్ పక్క. ఆమె పెట్టిందే మాకు మందు. జొన్న రొట్టె, ఉలవచారు, వారానికి రెండు సార్లు కోడిగుడ్డు, ఛుట్టీ నాడు బొబ్బర్ల గుగ్గిళ్లు. ఉలవల్లో బరువులో ఐదో వంతుకు పైగా మాంసకృత్తులే ఉన్నాయని పుస్తకాల్లో చదివి కాదు, మా ఇళ్లల్లో ఎడ్లకు పెట్టి చూసిన జ్ఞానంతోనే పెట్టేది. చలికాలం వస్తే సూరత్ మాకు పుట్టిల్లయ్యేది. తాపీ నది ఒడ్డున పోంక్ అమ్మేవాళ్లు. లేత జొన్న కంకులు కాల్చి కొట్టిన గింజలు, అచ్చం మా ఊచబియ్యమే. గుజరాతీల ఇళ్లలో పచ్చి పసుపు కొమ్ములు తరిగి నిమ్మరసం, ఉప్పు వేసి అన్నంతో తినేవాళ్లు, మేమూ నేర్చుకున్నాం. పక్కింటి బా చలికాలమంతా బంక, నెయ్యి, బత్రీసు పొడి వేసి కాట్లు అనే మిఠాయి చేసి మా గదికి ఒక పళ్లెం పంపేది. బత్రీసు అంటే ముప్పై రెండు రకాల మూలికలు. ఊళ్లో ఒళ్లు నొప్పులకు కల్లు ముంత ఎత్తేవాళ్లం. ఇక్కడ మద్యనిషేధం కాబట్టి పొద్దున్నే దొరికే నీరాతో సరిపెట్టుకున్నాం. దానివల్ల మాకు మేలే జరిగింది.

భాగల్ బజారులో ఓసడియాల, అంటే మూలికలమ్మేవాళ్ల, దుకాణముండేది. ఇక్కడ అశ్వగంధను ఆసంధ్ అంటారు. దుకాణంలోని ముసలాయన వేరు చేతికిచ్చి విరవమనేవాడు. టక్కున విరిగి, లోపల తెల్లగా పిండిలా ఉండాలి. పురుగు పట్టిందైతే ఆయనే పక్కన పడేసేవాడు. ఎవరికోసం, వయసెంత, అరుగుదల ఎట్లుంది, ఇంకేమన్నా మందు వాడుతున్నావా అని అడిగేవాడు. నా గదివాడొకడు జ్వరంతోనే వెళితే, “ముందు జ్వరం తగ్గనీ భాయ్” అని ఉత్త చేతులతో పంపాడు. సరుకు అమ్మే మనిషి సరుకు ఇవ్వనని చెప్పడం నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు.

ఛుట్టీ నాడు నువ్వుల నూనెలో వాము, వెల్లుల్లి కాచి ఒకరికొకరం ఒళ్లు రుద్దుకునేవాళ్లం. వావిలాకు ఇక్కడ నగోడ్ పేరుతో దొరుకుతుంది. ఆ ఆకు మరిగించిన నీళ్లు పోసుకుని, అన్నం తిని, సాయంత్రం దాకా పడుకునేవాళ్లం. నొప్పిని లాగేసింది ఆకా, వేడినీళ్లా, ఆ నిద్రా అని విడదీసి చెప్పమంటే నావల్ల కాదు. మూడూ ఒకే రోజు కలిసి దొరికేవి, అంతే.

ఇప్పటి సంగతి చెప్తాను. నా మనుమడు రింగురోడ్డు మార్కెట్‌లో చీరల దుకాణంలో లెక్కలు చూస్తాడు. రాత్రి తొమ్మిదిన్నరకు వదిలితే పదకొండింటి దాకా జిమ్ము, ఒంటిగంట దాకా ఫోను, పొద్దున ఆరున్నరకు మళ్లీ లేవడం. వారానికి ఆరు రోజులు బరువులెత్తుతాడు. ఒళ్లు నొప్పులంటే ఒక గోలీ, నీరసమంటే ఇంకొకటి, నిద్ర పట్టకపోతే మరొకటి. జీతంలో నాలుగో వంతు ఆ డబ్బాలకే పోతోంది. ఇంట్లో వాళ్ల నాయనమ్మ ఉలవలు నానబెడితే మాత్రం తినడానికి టైం లేదంటాడు.

“తాతా, ఇది ఉత్తిగ కాదు, పరిశోధన ఉన్నది” అని ఒకరోజు ఫోన్లో చూపించాడు. వాడి చేతే చదివించుకుని విన్నాను. 2015లో మన దేశంలోనే 57 మంది మగవాళ్ల మీద ఎనిమిది వారాలు చేశారు. సగం మందికి రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల అశ్వగంధ వేరు సారం, మిగతావాళ్లకు ఉత్త గోలీ. వేరు తిన్నవాళ్లకు బలం ఎక్కువ పెరిగింది, కండ దెబ్బతిన్నదని చెప్పే రక్తపరీక్షలో అంకె తక్కువ వచ్చింది. నాకు సంతోషమే అయింది, మా పెన్నేరు గడ్డ పేరు నిలబడ్డది. కానీ వాళ్లతో రోజు విడిచి రోజు కసరత్తు చేయించారని కూడా అందులోనే ఉంది. “బిడ్డా, గోలీ వాళ్ల లెక్కన మింగుతున్నవు. విరామం వాళ్ల లెక్కన ఎందుకు తీసుకుంటలేవు?” అన్నాను. వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అల్లం సంగతీ అంతే. 2010లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు రోజుకు రెండు గ్రాముల చొప్పున పదకొండు రోజులు అల్లం ఇచ్చి చూశారు. చేతి కండల నొప్పి దాదాపు పాతిక శాతం తగ్గిందట, పచ్చిదైనా వేడిచేసిందైనా దాదాపు ఒకే ఫలితం. పుదీనా, నిమ్మగడ్డి, అల్లం వేసి చాయ్ కాచే ఊళ్లో ఉండి, అదే అల్లాన్ని గోలీల్లో వందల రూపాయలు పోసి కొనడం చూస్తే నా కడుపు రగులుతుంది.

పసుపు గురించి మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. పసుపులో మందు పనిచేసే కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ల దగ్గరే, అదీ ఒంటికి సరిగా పట్టదు. మిరియంలోని పైపరిన్ కలిపితే రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువ చేరిందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు చూపించారు. అవ్వలు పసుపు పాలల్లో మిరియాలు దంచి వేసేది ఊరికే కాదన్నమాట. అయితే కూరలో చిటికెడు పసుపు వేరు, గోలీలో కుక్కిన సారం వేరు. పైపరిన్ పసుపునే కాదు, మనం వేసుకునే వేరే మందులను కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలుపుతుంది. ఇలాంటి పసుపు గోలీలతో కాలేయం దెబ్బతిన్నవాళ్ల సంగతి వైద్య పత్రికల్లో వచ్చింది. అశ్వగంధకూ ఆ మచ్చ ఉంది, థైరాయిడ్ ఉన్నవాళ్లు, గర్భిణులు దాన్ని డాక్టరును అడగకుండా ముట్టకూడదు. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. అంత దూరం పోవాలని నేననను. కానీ భాగల్ ముసలాయన అడిగిన నాలుగు ప్రశ్నలు అడిగేవాడు ఇప్పుడు ఎవడు? ఆన్‌లైన్‌లో అడిగేది పిన్‌కోడ్ ఒక్కటే.

డబ్బా మీద రాసింది లోపల ఉందని నమ్మకం కూడా లేదు. 2024లో మన దేశంలో అమ్మే 36 ప్రొటీన్ పొడులను పరీక్షిస్తే, సుమారు 70 శాతం డబ్బాల మీద ప్రొటీన్ లెక్క తప్పని తేలింది. మూలికలు కలిపామని చెప్పుకున్నవి మెరుగ్గా ఏమీ లేవు. 2011లో మన రిలే పరుగుల అమ్మాయిలు, ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినవాళ్లు, స్టెరాయిడ్ పరీక్షలో దొరికిపోయారు. కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్ వల్లే ఇలా జరిగిందని చెప్పుకున్నారు. అయినా మరుసటి ఏడు అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం రెండేళ్ల నిషేధం వేసింది. ఆ పిల్లల ముఖాలు టీవీలో చూసి ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దనే చెప్పింది. ఆ కాగితం ఏ జిమ్ము గోడ మీదా నాకు కనబడలేదు.

మా గల్లీ పిల్లవాడొకడు ఎంబ్రాయిడరీ మిషను మీద పని చేస్తాడు. ఏడాది మానేసి మొన్న జనవరిలో మళ్లీ జిమ్ముకు పోయి, మొదటి రోజే తొడలకు వంద గుంజీలు తీశాడు. మర్నాడు కాళ్లు వాచాయి. ఈ రికవరీ గోలీలు రెట్టింపు మింగమన్నారట, మింగాడు. మూడో రోజు మూత్రం నల్ల చాయ్ రంగులో వచ్చింది. ఆస్పత్రిలో నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. కండ కరిగి రక్తంలో కలిసిందనీ, ఇంకో రోజు ఆలస్యమైతే మూత్రపిండాలు పోయేవనీ డాక్టరు చెప్పాడు. ఆ తల్లి మా గడపలో కూర్చుని ఏడ్చింది. అలాంటప్పుడు ఏ మూలికా కాపాడదు, పరుగున ఆస్పత్రికి పోవడమే. ఈ సంగతి బరువులెత్తే ప్రతి పిల్లవాడికీ మొదటి రోజే చెప్పాలి.

ఇంకొక బాధ ఉంది నాకు. రికవరీ అన్న మాట డబ్బు కట్టి చెమటోడ్చే వాళ్లకే దక్కింది. మా వెనక గల్లీలో ఇప్పటికీ పన్నెండు గంటలు సాంచాల దగ్గర నిలబడే పిల్లలున్నారు, మనవాళ్లూ, ఒడిశావాళ్లూ. వాళ్ల పిక్కల గురించి ఎవరూ పరిశోధన చేయరు. నొప్పి గోలీ ఒకటి వేసుకుని మళ్లీ షిఫ్టుకు పోతారు. వాళ్లకు కావలసింది వారంలో ఒక పూర్తి రోజు, కూలి తెగకుండా. అది ఏ డబ్బాలోనూ దొరకదు.

కోడి రామ్మూర్తి నాయుడు గారి సంగతి మా బాపు చెప్పేవాడు. ఉక్కు గొలుసులు తెంచిన మనిషి, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్న మనిషి, శాకాహారి. ఆయన తిన్నది మన నేల మీద పండినదే, మన ఇళ్లల్లో వండుకునేదే. మా కుస్తీ తాలీములో ఉస్తాదు దండీలు, బస్కీలు అయ్యాక చేసేవాణ్ని గోదా మట్టిలో పడుకోబెట్టేవాడు. లేస్తే తిట్టేవాడు. పడుకోవడం కూడా సాధనలో భాగమే ఆయన దగ్గర.

మా ఇంటి పిల్లవాడితో పదిరోజులు పోట్లాడాను. చివరకు రాజీకొచ్చాం. వారానికి నాలుగు రోజులే జిమ్ము. డబ్బాలన్నీ ఒకసారి డాక్టరుకు చూపించాలి, ఆయన ఉంచమన్నది ఉంచుకోవచ్చు. పదకొండున్నరకు ఫోను నా దిండు కిందికి రావాలి. ఉలవలు రోజూ నానుతున్నాయి, వాడు రోజూ తినడం లేదు.

మొన్న ఆదివారం వాడి వీపుకు నువ్వుల నూనె కాచి రుద్దాను. నా వేళ్లలో మునుపటి పట్టు లేదు. అయినా “ఇంకొంచెం అక్కడ తాతా” అన్నాడు. నగోడ్ ఆకు నీళ్లు పోసుకుని పదింటికి పడుకున్నవాడు మధ్యాహ్నం మూడైనా కదల్లేదు. అన్నానికి లేపబోయిన వాళ్ల నాయనమ్మను చెయ్యి పట్టి ఆపి, తలుపు దగ్గరికి వేసి వచ్చాను.