బోర్డు మీది, తాళం వాళ్ళది

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి కరెంటు ఇచ్చారు. ముందుగా నిద్ర లేచేది ఎవరు? లినక్స్ అనుకున్నారా? అయ్యో రామ!

లినక్స్ నడవాల్సిన ఆర్మ్ ప్రాసెసర్ అప్పటికి గుర్రుపెట్టి నిద్రపోతూ ఉంటుంది. ముందు లేచేది దాని పక్కనే కాపురమున్న వీడియోకోర్. బ్రాడ్‌కామ్ వారి గ్రాఫిక్స్ భాగం. అది తన ఫర్మ్‌వేర్‌ని చదువుకుంటుంది. మెమరీ లెక్క చూస్తుంది. ఎవరి వాటా ఎంతో తేలుస్తుంది. అంతా అయ్యాక తీరిగ్గా ‘ఇక లే నాయనా’ అని లినక్స్‌ని తట్టి లేపుతుంది. ఆ ఫర్మ్‌వేర్ సోర్స్ ఏదీ? ఇవ్వరు. చదవడానికి లేదు, దిద్దడానికి లేదు. పోనీ అది వద్దని తీసేద్దామా? తీసేయండి. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి బోర్డు భేషుగ్గా పనికొస్తుంది.

ఇంకా వినండి. ఆ వీడియోకోర్ లోపల నడిచేది కూడా ఒక ఆపరేటింగ్ సిస్టమే. పేరు థ్రెడ్‌ఎక్స్. చేసింది ఎక్స్‌ప్రెస్ లాజిక్ అనే కంపెనీ. 2019లో ఆ కంపెనీని కొన్నది ఎవరో తెలుసా? మైక్రోసాఫ్ట్! ఊరూరా పిల్లల చేతికి లినక్స్ అందించిన బోర్డు పొద్దున్నే లేచి మొదట దణ్ణం పెట్టుకునేది మైక్రోసాఫ్ట్ ఇలాకాలోని దేవుడికి. 2023లో మైక్రోసాఫ్ట్ ఆ థ్రెడ్‌ఎక్స్‌ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించి, సోర్స్ అందరి ముందూ పెట్టేసింది. చోద్యం చూడండి. మైక్రోసాఫ్ట్ తలుపు తీసింది. దాని మీద కట్టుకున్న ఫర్మ్‌వేర్ మాత్రం ఇంకా గడియ వేసుకునే ఉంది. ఎవరు ఎవరికి పాఠం చెప్పాలి?

2021 మొదట్లో ఇంకో ముచ్చట. మామూలు అప్‌డేట్ అనుకుని జనం ఎంటర్ కొట్టారు. కొట్టాక చూసుకుంటే, సాఫ్ట్‌వేర్ తెచ్చుకునే చోట్ల జాబితాలో మైక్రోసాఫ్ట్ పేరు చేరి కూర్చుంది. తాళంచెవితో సహా. మైక్రోసాఫ్ట్ వారి ఎడిటర్ వీఎస్ కోడ్ సులువుగా వేసుకోవడానికట. అడిగారా? అడగలేదు. మీ బోర్డు, మీ కార్డు, మీ కరెంటు బిల్లు. నిర్ణయం మాత్రం వాళ్ళది.

అసలు ఈ బోర్డు పుట్టిందే విప్పి చూసి నేర్చుకోవడానికి కదా. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్‌కి దరఖాస్తులు తగ్గుతున్నాయని బెంగపడిన ఎబెన్ అప్టన్ బృందం, 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు దాన్ని బజారులో పెట్టింది. ఆశయం గొప్పది. కాదనేవాడు లేడు. కానీ అందులో వేసింది పాత ఆర్మ్‌వీ6 చిప్పు. దాని పూర్తి సత్తా వాడుకునే డెబియన్ లినక్స్ లేదు. అప్పుడేం చేశారు? మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ అనే ఇద్దరు ఔత్సాహికులు ముందు నిలబడి డెబియన్ ప్యాకేజీలను వేల సంఖ్యలో మళ్ళీ కంపైల్ చేశారు. అదే రాస్పియన్. సొమ్మొకడిది, సోకొకడిది.

అదే ఏడాది అక్టోబరులో రాస్ప్‌బెర్రీ పై వాళ్ళు బాకా ఊదారు. మా ఆర్మ్ చిప్పుకి గ్రాఫిక్స్ డ్రైవర్లు మొత్తం ఓపెన్ సోర్స్, చిప్పు చేసినవాళ్ళే ఇలా ఇవ్వడం ఇదే మొదలు అని ప్రకటన. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగకముందే కోడ్ చదివినవాళ్ళు తల పట్టుకున్నారు. ఇచ్చినదాంట్లో ఏముంది? పై నుంచి వచ్చిన అర్జీని లోపలి ఫర్మ్‌వేర్‌కి మోసుకెళ్ళే జవాను పని. అసలు పని చేసే దొర లోపలి గదిలోనే. ఆ గదికి తాళమే. లినక్స్ గ్రాఫిక్స్ చూసే డేవ్ ఎయిర్లీ ఇది పనికొచ్చేది కాదని మొహమాటం లేకుండా తేల్చేశాడు. 2014లో బ్రాడ్‌కామ్ పత్రాలు విడుదల చేసి, ఎరిక్ ఆన్‌హోల్ట్‌ని కొలువులో పెట్టుకుని అసలు డ్రైవర్ రాయించింది. సంతోషం. మరి 2012లో చప్పట్లు కొట్టించింది దేనికి?

ఆ పాత బోర్డుల చిప్పులో ఎంపెగ్-2 వీడియోని విప్పే హార్డ్‌వేర్ ఉండేది. మీరు దానికి డబ్బు కట్టి కొనుక్కున్నారు. అయినా పనిచేసేది కాదు. 2.40 పౌండ్లు కడితే మీ బోర్డు సీరియల్ నంబరుకి సరిపోయే తాళంచెవి పంపేవారు. ఇంకో బోర్డు కొంటే ఇంకో తాళంచెవి. పేటెంట్ రుసుములట. నిజమే కావచ్చు. కానీ విప్పి నేర్చుకోమని చేతికిచ్చిన యంత్రంలో పిల్లవాడు నేర్చుకునే మొదటి పాఠం ఇదా?

ఇంత తిట్టినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ 2012 నాటి బోర్డుకి ఈనాటికీ ఆపరేటింగ్ సిస్టమ్ అందుతోంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. చుట్టూ ఉన్న మైదానం చూస్తే మీకే తెలుస్తుంది.

రాస్ప్‌బెర్రీ హిట్టయ్యాక పళ్ళబండి మీది పేర్లన్నీ బోర్డులకు పెట్టేశారు. బనానా పై, ఆరెంజ్ పై. వీటిలో చాలావాటి గుండెకాయ చైనాలోని జుహాయ్‌లో ఉన్న ఆల్‌విన్నర్ చిప్పు. 2015లో వచ్చిన ఆరెంజ్ పై పీసీ ధర 15 డాలర్లు. కారుచౌక. దాంతోపాటు ఆల్‌విన్నర్ ఇచ్చిన లినక్స్ కెర్నల్ 3.4. ఆ కెర్నల్ పుట్టింది 2012 మేలో. కొత్త బోర్డు, మూడేళ్ళ పాత కెర్నల్.

పాతది మాత్రమే అయితే సరిపెట్టుకునేవాళ్ళం. 2016లో ఆ కెర్నల్ కోడ్ చదివినవాళ్ళు కళ్ళు నులుముకున్నారు. అందులో సన్‌క్సి డీబగ్ అని ఒక ఫైలు. ఆ ఫైల్లోకి ‘రూట్‌మైడివైస్’ అని ఒక్క మాట రాస్తే చాలు. పాస్‌వర్డ్ అక్కర్లేదు. అనుమతి అక్కర్లేదు. రాసిన ప్రోగ్రాము ఏదైనా సరే, యంత్రం మీద సర్వాధికారాలు దానివే. ‘నన్ను రాజును చెయ్’ అంటే ‘చిత్తం మహాప్రభో’ అనే కెర్నల్! దొంగకి కన్నం వేసే శ్రమ కూడా మిగల్చలేదు. పరీక్షల కోసం పెట్టుకున్న కోడ్‌ని తీసేయడం మరిచిపోయారని సర్దుకుందాం. మరిచిపోయిన ఆ మాటతోనే బోర్డులు సముద్రాలు దాటాయి. ఇళ్ళలో సర్వర్లయ్యాయి. ఒక్క సంగతి ఆలోచించండి. ఈ కన్నం దొరికింది ఎందుకు? కెర్నల్ సోర్స్ బయట ఉంది కాబట్టి. మరి సోర్స్ ఇవ్వని ఫైళ్ళలో ఇంకేమేం మరిచిపోయారో ఎవరు చూడాలి?

ఆ ఫైళ్ళ కథా ఉంది. ఆల్‌విన్నర్ వీడియో లైబ్రరీలలో ఓపెన్ సోర్స్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కోడ్ వాడుకుని లైసెన్స్ ఎగ్గొట్టారనీ, పట్టుబడకుండా ఫంక్షన్ల పేర్లు మార్చారనీ 2015లో లినక్స్-సన్‌క్సి ఔత్సాహికులు దుమ్మెత్తిపోశారు. అవతలివాడి కష్టం మనకి ఉచితం. మన కష్టం మాత్రం వ్యాపార రహస్యం. ఇదీ లెక్క.

తర్వాత జరిగింది ఇంకా రంజుగా ఉంటుంది. ఆల్‌విన్నర్ చిప్పుల్లో వీడియోని విప్పే హార్డ్‌వేర్‌కి అసలు లినక్స్‌లో, అంటే మెయిన్‌లైన్ కెర్నల్‌లో, డ్రైవర్ లేదు. చిప్పు అమ్ముకున్నవాడు రాయాలా వద్దా? రాయలేదు. 2018లో ఫ్రాన్స్‌లోని బూట్‌లిన్ సంస్థ కిక్‌స్టార్టర్‌లో చందాలు పట్టి రాసింది. వినాయక చవితి పందిరికి చందా ఇస్తాం, అర్థముంది. చిప్పు కొన్నవాడు దాని డ్రైవర్‌కీ చందా ఇవ్వడమేంటి? ఈ చిప్పుల్లో కూర్చున్న మాలి గ్రాఫిక్స్‌ది మరో వ్రతకథ. ఆర్మ్ కంపెనీ డ్రైవర్ సోర్స్ ఇవ్వనంది. కొందరు మొండివాళ్ళు చిప్పు ఎలా నడుస్తుందో గమనించి, ఊహించి, తవ్వి రాశారు. ఆ లీమా డ్రైవర్ పని 2012లోనే బయటపడింది. కెర్నల్‌లోకి చేరేసరికి 2019. అప్పటికి కంపెనీలు ఎన్ని కొత్త మోడళ్ళు అమ్ముకున్నాయో.

పెట్టె మీద మాత్రం అచ్చేస్తారు, ‘లినక్స్ సపోర్ట్ ఉంది’ అని. ఆ సపోర్ట్ ఎలా ఉంటుంది? గూగుల్ డ్రైవ్‌లో ఒక ఇమేజ్. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో దేవుడికెరుక. పీసీకైతే ఒకే పెన్‌డ్రైవ్‌తో ఏ కంపెనీ యంత్రమైనా దాదాపు బూట్ అవుతుంది. ఈ బోర్డులకు ఆ భాగ్యం లేదు. ఏ పిన్నుకి ఏముంది, ఏ చిప్పు ఎక్కడుంది అని చెప్పే డివైస్ ట్రీ బోర్డు బోర్డుకీ వేరు. అది రాసి మెయిన్‌లైన్‌కి పంపాల్సింది బోర్డు చేసినవాడు. పంపడు. పంపితే పాత బోర్డు పదేళ్ళు నడుస్తుంది. నడిస్తే కొత్తది ఎవరు కొంటారు? ఆ బరువంతా ఆర్మ్‌బియన్ లాంటి చోట్ల ఔత్సాహికుల నెత్తిన. బోర్డు అమ్మినవాడికి డబ్బులు, ఇమేజ్ కట్టినవాడికి తిట్లు.

మన దొరలేం తక్కువ తిన్నారా? ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళు 2007లోనే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అని లినక్స్ తెచ్చారు. ముద్దుపేరు బాస్. మన ఆఫీసుల్లో ఉన్న బాస్‌లు చాలరా, ఇంకొకడికి కుర్చీ ఎక్కడిది? 2015లో కేంద్రం ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. టెండర్లలో దానికే మొదటి పీట, కాదంటే కారణం రాయాలి. కారణాలు రాయడం మన కార్యాలయాలకు చేతకాని పనా? హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్‌కి తెలుగు నేర్పి ఏళ్ళు గడిచాయి. ఏ తహసీల్దారు బల్ల మీద చూశారు మీరు?

అటల్ టింకరింగ్ ల్యాబ్ అని 2016 నుంచి బడికి 20 లక్షల దాకా ఇస్తున్నారు. ఓపెన్ సోర్స్ మైక్రోకంట్రోలర్ బోర్డులు, సెన్సర్లు, త్రీడీ ప్రింటర్. కాగితం మీద కన్నులపండుగ. మీ ఊళ్ళో ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. బోర్డులు పిల్లల చేతుల్లో ఉన్నాయా, బీరువాలో ఉన్నాయా? బీరువా తాళం ఎవరి దగ్గర? ఆ సారు బదిలీ అయి ఎన్నాళ్ళయింది?

ఇంజనీరింగ్ కాలేజీల సంగతి చెప్పక్కర్లేదు. తనిఖీ బృందం వచ్చేనాటికి ఐఓటీ ల్యాబ్‌కి రిబ్బన్ కడతారు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు అమీర్‌పేటలో రెడీమేడ్. బోర్డు, సెన్సర్, ఎస్‌డీ కార్డు, రిపోర్టు, బైండింగ్‌తో సహా. వైవాలో ‘ఇందులో నడిచే కెర్నల్ ఏది నాయనా?’ అని అడిగే పాపాత్ముడు లేడు. నడుస్తుండగా కరెంటు పోయి కార్డు కరప్టయితే కుర్రాడు తెరిచేది మాన్యువల్ కాదు, అమీర్‌పేట అన్న ఫోన్ నంబరు. నేర్పాల్సినవాళ్ళు నేర్పలేదు. వాడినేమని లాభం?

నమ్మకం కుదరకపోతే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళండి. అద్దాల వెనక బోర్డులు తళతళలాడుతుంటాయి. ఒకటి చేతిలోకి తీసుకుని అడగండి. ‘భయ్యా, దీని మీద మెయిన్‌లైన్ కెర్నల్ నడుస్తుందా? బూట్‌లోడర్ సోర్స్ ఎక్కడ దొరుకుతుంది? అప్‌డేట్లు ఎన్నేళ్ళు?’ ఆయన మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. పాపం, ఆయన తప్పేముంది? ఆయనకు సరుకు వేసిన హోల్‌సేలర్‌కి తెలియదు. హోల్‌సేలర్‌కి పంపిన కంపెనీ చెప్పదు.

‘గవన్నీ నాకు తెల్వది సార్. హీట్‌సింక్ ఫ్రీగ ఇస్త, తీస్కపోండ్రి.’